పాల లెక్క కట్టే కంప్యూటర్‌కూ పరీక్ష అవసరం

పాలను పరీక్షించి వెన్న శాతం తేల్చే టెస్టరు పని సభ్యులందరికీ తెలిసినదే. ఆ శాతాన్ని రూపాయల్లోకి మార్చే కంప్యూటర్ ప్రోగ్రామును పరీక్షించేవారు కూడా ఉంటారు. వారిని టెస్ట్ అనలిస్టులు అంటారు. తిరుపతి, చిత్తూరు ప్రాంత సభ్యుల పాల బిల్లుకు సంబంధించిన విషయం గనుక ఆ పనిని ఇక్కడ వివరిస్తున్నాము.

ప్రోగ్రాము రాసినవారు అది నడుస్తున్నదా అని చూస్తారు. టెస్ట్ అనలిస్టు అది ఎక్కడ తప్పుతుందో వెతుకుతారు. ముందుగా చేతితో లెక్క వేసి, రావలసిన జవాబును కాగితంపై రాసుకుంటారు. తర్వాత అవే అంకెలు కంప్యూటర్‌కు ఇచ్చి, రెండు జవాబులనూ సరిచూస్తారు.

ఉదాహరణకు, 10 లీటర్ల గేదె పాలు, వెన్న 6 శాతం అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి పాలు 10.3 కిలోలు, వెన్న 618 గ్రాములు. ప్రోగ్రాము లీటర్లనే కిలోలుగా తీసుకుంటే వెన్న 600 గ్రాములే అవుతుంది. కిలో వెన్నకు 800 రూపాయలు కట్టే చోట, ఒక్క పూటకే 14 రూపాయల 40 పైసల నష్టం. చీటీ మాత్రం చక్కగా అచ్చవుతుంది.

తప్పులు ఎక్కువగా హద్దుల దగ్గరే దాగి ఉంటాయి. ఆవు పాలకు కనీస వెన్న 3.2 శాతమని నిర్ణయిస్తే 3.1, 3.2, 3.3 మూడింటినీ వేసి చూడాలి. ఒకే సభ్యుడు ఒకే పూట ఆవు పాలు, గేదె పాలు రెండూ పోస్తే? కొలత మధ్యలో కరెంటు పోతే? ఇవన్నీ పరీక్షించవలసినవే.

మరొక చోట బాగా నడిచిన ప్రోగ్రాము మన దగ్గరా నడుస్తుందని నమ్మరాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్ ఎగిరిన సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. ఏరియాన్ 4లో సరిగా పనిచేసిన ప్రోగ్రామును, కొత్త రాకెట్ వేగానికి తగినట్లు పరీక్షించకుండా వాడినందువల్ల ఈ నష్టం జరిగింది. మన చిత్తూరు సీమకు పేరు తెచ్చిన పుంగనూరు ఆవునే చూడండి. దాని పాలలో వెన్న మామూలు ఆవు పాల కంటే ఎక్కువ. వెన్న 5 శాతం దాటితే గేదె పాలేనని లెక్కించే ప్రోగ్రాము ఆ పాలను తప్పు పద్దులో వేస్తుంది.

కనుక కొత్త యంత్రం వచ్చినా, ధరల పట్టిక మారినా, కొన్నాళ్లు చేతి రిజిస్టరును కూడా పక్కనే రాయించాలని కార్యదర్శులకు మా మనవి. సభ్యులు వారానికి ఒక చీటీనైనా ఇంట్లో లెక్క వేసి చూడగలరు. తేడా కనిపిస్తే తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం రాసి, చీటీతో సహా సంఘంలో ఇవ్వండి. ఆ వివరాలుంటేనే అదే తప్పును మళ్లీ రప్పించి, కారణం పట్టుకొని, సరిదిద్దడం వీలవుతుంది.