చిన్న గాటు - పెద్ద ప్రశ్న

ఆపరేషన్ అన్న మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. "పొట్ట కోయనక్కర లేదు, మూడు నాలుగు చిన్న గాట్లతో సరిపోతుంది" అని డాక్టరు అంటే ఆ గుండె మళ్ళీ కుదుటపడుతుంది. గాటు చిన్నదైతే నెత్తురు పోవడం తక్కువ, ఇంటికి చేరడం త్వరగా. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని గాటు చిన్నదైతే మేలు పెద్దదేనా? 2018లో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు శస్త్రవైద్యులనే నివ్వెరపరచింది.

ఈ విద్యకు పుట్టినిల్లు మూత్రకోశ వైద్యం. 1879లో మాక్సిమిలియన్ నీట్సె అనే జర్మన్ వైద్యుడు వియన్నాలో ఒక సన్నని గొట్టాన్ని ప్రదర్శించాడు. దాని కొసన ప్లాటినం తీగ కాలి వెలుగునిచ్చేది. ఆ వేడి ఒంటికి తగలకుండా లోపల చన్నీళ్ళు పారేవి. మూత్రకోశాన్ని కోయకుండానే లోపల కళ్ళారా చూడటానికి అది దారి చూపింది. 1901లో గియోర్గ్ కెల్లింగ్ అదే గొట్టాన్ని, గాలి నింపిన ఒక కుక్క పొట్టలోకి దింపి చూశాడు.

మెట్టినిల్లు స్త్రీల వైద్యం. కీల్ నగరంలో స్త్రీవైద్యుడైన కుర్ట్ సెమ్ 1980లో ఈ పద్ధతిని అపెండిక్సు తీయడానికి ఉపయోగిస్తే, పెద్దలు మండిపడ్డారు. 1988లో అమెరికాలో హారీ రైక్ ఇదే దారిన గర్భాశయాన్ని తొలగించాడు. తరువాత రోబోలు కూడా వచ్చాయి. పొట్ట కోయడం పాతకాలపు మోటుపని అనే భావం పాతుకుపోయింది.

గర్భాశయ ముఖద్వారానికి కాన్సర్ తొలిదశలో ఉన్నప్పుడు కూడా ఈ చిన్న గాటే మేలా అని తేల్చడానికి పెడ్రో రమిరెజ్ ప్రభృతులు పూనుకున్నారు. 33 వైద్యకేంద్రాలలో 631 మంది స్త్రీలు ఒప్పుకున్నారు. ఎవరికి ఏ పద్ధతి అన్నది డాక్టరు ఇష్టం కాదు, రోగి ఇష్టం కాదు. చీటీ వేసినట్లు నిర్ణయమైనది. 312 మందికి పొట్ట కోయడం, 319 మందికి చిన్న గాటు.

ఫలితాలు చూసి పర్యవేక్షకులు మధ్యలోనే కొత్తవారిని చేర్చుకోవడం ఆపించారు. నాలుగున్నర ఏళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పొట్ట కోసినవారిలో నూటికి 96.5, చిన్న గాటువారిలో 86. మొదటి జట్టులో మరణాలు 3, రెండవ జట్టులో 19. కారణమేమిటి? గర్భాశయాన్ని కదల్చడానికి లోపల పెట్టే పరికరమా, పొట్టలో నింపే వాయువా అని అనుమానాలు కలిగాయి. వైద్యసంఘాలు మాత్రం తమ సూత్రాలను మార్చుకున్నాయి.

అలాగని చిన్న గాటును తిట్టిపోయరాదు. గర్భాశయం లోపలి పొరకు వచ్చే తొలిదశ కాన్సర్ విషయంలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, హాంకాంగులలో 760 మందిపై జరిగిన పరీక్ష ఫలితం 2017లో వెలువడింది. రెండు పద్ధతులలోనూ నూటికి సుమారు 81 మంది నాలుగున్నర ఏళ్ళు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అవయవం ఒక్కటే, జబ్బు చోటు మారితే న్యాయం మారింది!

ఇదివరకే చిన్న గాటుతో చేయించుకున్నవారు బెంగపడనక్కర లేదు. ఆ జట్టులోనూ అత్యధికులు క్షేమంగానే ఉన్నారు; వేళ తప్పకుండా పరీక్ష చేయించుకుంటే చాలు. ఇకమీదట చేయించుకోబోయేవారు మాత్రం "గాటు ఎంత?" అని అడిగి ఊరుకోరాదు. "నా జబ్బుకు ఈ పద్ధతిని పరీక్షించి చూశారా? అయిదేళ్ళ తరువాత ఎందరు బాగున్నారు?" అని కూడా అడగాలి. అలా అడిగే హక్కును మనకు సంపాదించి పెట్టినది తమ ప్రాణాలను చీటీకి ఒప్పగించిన ఆ 631 మంది తల్లులే.