సముద్రం మీద మేఘాల వీధులు: ఆర్కిటిక్ చలిగాలి ఏం చేస్తుంది?

ఇవాళ ఒక శాటిలైట్ ఫొటో గురించి మాట్లాడుకుందాం. గ్రీన్‌లాండ్‌కీ స్వాల్‌బార్డ్ దీవులకీ మధ్య ఉన్న సముద్రాన్ని ఫ్రామ్ జలసంధి అంటారు. మార్చి నెలలో ఉత్తర గాలి గట్టిగా వీచే రోజు అక్కడి ఫొటో చూడండి. దువ్వెనతో దువ్వినట్టు మేఘాలు సన్నటి గీతల్లా ఉంటాయి. అదే దక్షిణంగా నార్వే వైపు వచ్చేకొద్దీ గీతలు చెదిరిపోయి తేనెపట్టు గళ్ళలా మారతాయి. అదే గాలి, అదే సముద్రం. మరి మధ్యలో ఏం మారింది? ఇది తెలియకపోతే భూమి ఎంత వేడెక్కుతుందన్న లెక్క కూడా తేడా కొడుతుంది. ఎలాగో చూద్దాం.

ఐసు నీళ్ళే పొయ్యి

చలికాలంలో ఆర్కిటిక్ మంచు మీద గాలి మైనస్ 20, మైనస్ 30 డిగ్రీలకి కూడా పడిపోతుంది. మంచు ఒక మూత లాంటిది, కింద నీళ్ళలో ఉన్న వేడిని పెద్దగా పైకి రానివ్వదు. ఆ గాలి మంచు అంచు దాటి ఖాళీ సముద్రం మీదకి వచ్చిందనుకోండి. సముద్రపు ఉప్పునీళ్ళు మైనస్ 1.8 డిగ్రీల దగ్గరికి వస్తే గానీ గడ్డకట్టవు. పైగా అట్లాంటిక్ నుంచి ఒక వెచ్చటి ప్రవాహం ఇటు వస్తుంటుంది. మనం వేలు పెడితే జివ్వుమనే నీళ్ళే, కానీ మైనస్ 25 గాలికి మాత్రం అది పొయ్యి మీద గిన్నె.

దీన్నే కోల్డ్ ఎయిర్ అవుట్‌బ్రేక్ అంటారు. బలంగా వచ్చినప్పుడు ఒక్కో చదరపు మీటరు సముద్రం నుంచి 500 వాట్లకి పైగా వేడి గాలిలోకి పోతుంది. అంటే మీ టీపాయ్ అంత జాగాలో ఆరేడు సీలింగ్ ఫ్యాన్ల కరెంటంత. అలా వందల కిలోమీటర్ల పొడవునా!

గీతలు ఎందుకు?

కింద వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, దాని పక్కనే చల్లగాలి దిగుతుంది. గాలి వేగంగా వీస్తున్నప్పుడు ఈ లేవడం, దిగడం కలిసి గాలి దిశలోనే పొడవాటి చుట్టల్లా తిరుగుతాయి. చాపల్ని చుట్టి పక్కపక్కన పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. గాలి లేచే చోట ఆవిరి చల్లబడి మేఘం అవుతుంది, దిగే చోట ఖాళీ. అందుకే ఒక గీత, ఒక సందు. సైంటిస్టులు వీటికి పెట్టిన పేరు క్లౌడ్ స్ట్రీట్స్, అంటే మేఘాల వీధులు.

ముందుకు పోయేకొద్దీ గాలి ఇంకా వేడెక్కుతుంది. మంచు అంచు దగ్గర కొన్ని వందల మీటర్ల ఎత్తే ఉన్న ఈ కలయిక పొర రెండు మూడు కిలోమీటర్లకి పెరుగుతుంది. చుట్టలు వెడల్పవుతాయి. ఇక్కడే అసలు ట్విస్ట్.

సున్నా కింద కూడా నీళ్ళే

సున్నా డిగ్రీలకి నీళ్ళు గడ్డకడతాయని స్కూల్లో చదువుకున్నాం కదా? మేఘంలో సన్నటి చుక్కలు మైనస్ 20 దగ్గర కూడా నీళ్ళలాగే ఉండగలవు. గడ్డకట్టడం మొదలవ్వాలంటే వాటికి సరైన ధూళి కణం లాంటిది తగలాలి. ఆ సముద్రం మీద గాలిలో అలాంటి కణాలు తక్కువ.

ఒక్కసారి మంచు స్ఫటికం పుట్టిందా, కథ మారిపోతుంది. అది చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కుంటుంది, దాంతో పక్కన ఉన్న చుక్కలు ఆవిరైపోతాయి. స్ఫటికం బరువెక్కి మంచులా రాలుతుంది. మేఘంలో నీళ్ళు తగ్గిపోతాయి, రాలే మంచు కింద గాలిని చల్లబరుస్తుంది. ఇవన్నీ కలిసి వీధుల్ని తెంపేసి, మధ్యలో ఖాళీగా అంచుల్లో మేఘంతో ఉండే గళ్ళుగా మార్చేస్తాయి.

మనకెందుకు?

సన్నటి నీటి చుక్కలతో నిండిన మేఘం తెల్లగా మెరుస్తూ ఎండని వెనక్కి కొడుతుంది. మంచు స్ఫటికాల మేఘం అంతగా కొట్టదు. భూమి వేడెక్కితే మంచు మేఘాలు కొన్ని నీటి మేఘాలవుతాయి, ఎండని ఎక్కువ తిప్పికొడతాయి. అంటే వేడికి ఒక బ్రేక్ అన్నమాట. కానీ మోడల్‌లో మొదటి నుంచే మంచు ఎక్కువ వేసుకుంటే, లేని బ్రేక్‌ని లెక్కలో కలుపుకున్నట్టే. 2016లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన ఒక పేపర్ ఇదే చూపించింది: శాటిలైట్ డేటాతో ఒక మోడల్‌ని సరిచేస్తే, భూమి ఇంకా ఎక్కువ వేడెక్కుతుందని లెక్క వచ్చింది.

కోడ్ రాసేవాళ్ళకి ప్రాబ్లం తెలుస్తుంది. చాలా క్లైమేట్ మోడల్స్‌లో ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్లు, మేఘాల వీధుల మధ్య దూరమేమో కొన్ని కిలోమీటర్లే. గడిలో ఇమడని దాన్ని ఫార్ములాతో అంచనా వేయాలి. ఆ ఫార్ములా సరైనదో కాదో చెప్పాలంటే నిజం డేటా కావాలి. అందుకే 2019 డిసెంబర్ నుంచి 2020 మే దాకా కాంబుల్ అనే ప్రాజెక్ట్‌లో నార్వే తీరంలోని ఆండెనెస్‌లో రాడార్లు, లైడార్లు పెట్టి ఈ మేఘాల్ని కొలిచారు.

ఇంకో సంగతి. ఈ చలిగాలుల్లోనే ఒక్కోసారి పోలార్ లో అనే చిన్న తుఫాన్లు పుడతాయి. ఒకట్రెండు రోజులకి మించి ఉండవు, కానీ చేపల పడవల మీద ఉన్నట్టుండి విరుచుకుపడతాయి. అక్కడి జాలర్లకి ఇది పేపర్‌లో లెక్క కాదు, ప్రాణం.

మన ఇండియా కూడా దూరంగా ఏం లేదు. మన ఆర్కిటిక్ స్టేషన్ హిమాద్రి 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లోనే ఉంది.

మీ ఫోన్‌లో నాసా వరల్డ్‌వ్యూ ఓపెన్ చేయండి, ఫ్రీనే. మార్చి నెల తేదీలు ఒక్కొక్కటీ మార్చుతూ స్వాల్‌బార్డ్ చుట్టూ చూడండి. డిసెంబర్ వద్దు, అప్పుడక్కడ రోజంతా చీకటే. వీధులు ఎక్కడ తెగి గళ్ళయ్యాయో కనిపెట్టి, ఆ తేదీ కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!