దారి మళ్లించిన ఈమెయిల్ ఏల తిరస్కరింపబడును?

ఏలూరు నుండి జంగారెడ్డిగూడెమునకు ఒక ఉత్తరము వచ్చినదనుకొందము. దానిని అందుకొనవలసిన వ్యక్తి అప్పటికే తాడేపల్లిగూడెమునకు మారిపోయినాడు. తపాలా ఉద్యోగి కవరుపై 534447 అను పిన్‌కోడును కొట్టివేసి, 534101 అని వ్రాసి పంపును. ఉత్తరము చేరును. "ఏలూరి ఉత్తరము జంగారెడ్డిగూడెం సంచిలో ఏల వచ్చినది? ఇది దొంగ ఉత్తరము" అని అచ్చటి పోస్ట్‌మాన్ దానిని త్రిప్పి పంపడు. ఈమెయిల్ విషయమున మాత్రము అట్లే జరుగుచుండును.

ఇది స్వల్ప విషయము కాదు. ఒక పాఠశాల తన చిరునామాకు వచ్చు ఉత్తరములన్నియు ప్రధానోపాధ్యాయుని సొంత చిరునామాకు వాటంతట అవే పోవునట్లు ఏర్పాటు చేసికొన్నదనుకొనుడు. ఉపకార వేతనపు గడువును తెలుపు ఉత్తరము ఆ దారిలో తిరస్కరింపబడినచో నష్టపోవువాడు విద్యార్థియే. కావున దీని కారణమును తెలిసికొనుట అవసరము.

కవరు, కాగితము

ఈమెయిల్‌లో పంపినవారి పేరు రెండుచోట్ల ఉండును. ఒకటి కవరుపై, దీనిని యంత్రములు మాత్రమే చూచును. రెండవది లోపలి కాగితముపై. మనకు తెరమీద కనిపించునది ఇదియే. 1982లో జోనాథన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్.ఎమ్.టి.పి. నియమములలో ఈ పేర్లు నిజమైనవా కావా అని పరీక్షించు ఏర్పాటు లేదు. ఎవరైనను బ్యాంకు పేరు వ్రాసి మోసపు ఉత్తరము పంపవచ్చును. దీనిని అరికట్టుటకే తరువాత కొన్ని పరీక్షలు వచ్చినవి.

మొదటి పరీక్ష: జాబితా

మొదటి పరీక్ష పేరు ఎస్.పి.ఎఫ్. ప్రతి సంస్థయు "మా పేరుతో ఉత్తరములు పంపుటకు ఈ యంత్రములకే అధికారము కలదు" అని, వాటి ఐ.పి. సంఖ్యలను ఇంటర్నెట్టులో బహిరంగముగా ప్రకటించును. ఉత్తరము అందుకొను యంత్రము, తన తలుపు తట్టిన యంత్రపు సంఖ్య ఆ జాబితాలో కలదేమో చూచును.

దారి మళ్లిన ఉత్తరము ఇచ్చటనే చిక్కుకొనును. కవరుపై ఏలూరు కార్యాలయపు పేరున్నది; తెచ్చినది పాఠశాల యంత్రము. అది ఏలూరువారి జాబితాలో ఎట్లుండును? ఉండదు. పరీక్ష తప్పును.

రెండవ పరీక్ష: ముద్ర

డి.కె.ఐ.ఎమ్. అను రెండవ పరీక్ష, ఎవరు తెచ్చినారని అడుగదు. ఉత్తరము మారినదా అని మాత్రమే అడుగును. పంపు యంత్రము ఉత్తరము నుండి గణితరీత్యా ఒక సంఖ్యను కట్టి, తన రహస్యపు తాళముతో ముద్ర వేయును. బహిరంగముగా ప్రకటించిన జత తాళముతో ఎవరైనను దానిని సరిచూడవచ్చును.

దీనిని తరగతిలో చూపవచ్చును. 534447 అను సంఖ్యలోని అంకెల మొత్తము 27. చివరి రెండంకెలు తారుమారై 534474 అయినను మొత్తము 27 గనుక తేడా తెలియదు. కాని మొదటి అంకెను 1 చేత, రెండవదానిని 2 చేత, ఇట్లు వరుసగా 6 వరకు గుణించి కూడినచో మొదటిదానికి 101, రెండవదానికి 98 వచ్చును. మార్పు పట్టుబడినది. ఈమెయిల్ ముద్రకు సాధారణముగా వాడు పద్ధతి ఇంతకన్న ఎంతో కట్టుదిట్టమైనది. అది 256 బిట్ల సంఖ్యను ఇచ్చును.

ఉత్తరమును ఉన్నదున్నట్లు మళ్లించినచో ఈ ముద్ర చెడదు. కాని మళ్లించు యంత్రము అడుగున ఒక ప్రకటన చేర్చినను, ముద్రపడిన శీర్షికకు ముందు పాఠశాల పేరు తగిలించినను లెక్క తప్పును.

తుది తీర్పు

డీమార్క్ అను మూడవ నియమము పై రెండు ఫలితములను కాగితముపై కనిపించు పేరుతో పోల్చును. రెండింటిలో ఒక్కటైనను నెగ్గి, ఆ పేరుతో సరిపోయిన చాలును. రెండును తప్పినచో ఏమి చేయవలెనో ఆ పేరుగల సంస్థయే ముందుగా ప్రకటించును: ఊరక గమనించుట, అనుమానపు పెట్టెలో వేయుట, లేదా తిరస్కరించుట. 2014 ఏప్రిల్‌లో యాహూ సంస్థ తన చిరునామాలకు మూడవదానిని ప్రకటించగా, సమూహములకు ఉత్తరములు పంచు జాబితాలు అనేకము ఇబ్బందిపడినవి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూలు పెద్దయెత్తున ఉత్తరములు పంపువారికి ఈ మూడు ఏర్పాట్లను తప్పనిసరి చేసినవి.

తిరస్కార వార్త కవరుపై పేరున్నవారికే పోవును. అనగా ఏలూరువారికి తామెన్నడును వ్రాయని చిరునామా నుండి ఉత్తరము తిరిగివచ్చినట్లు కనిపించును!

నివారణోపాయములు

మళ్లించువారు కవరుపై తమ పేరు వ్రాసికొనవచ్చును. అప్పుడు మొదటి పరీక్ష నెగ్గును. కాని ఆ పేరు కాగితముపై పేరుతో సరిపోదు గనుక డీమార్క్‌కు అది చాలదు. 2019లో వెలువడిన ఆర్క్ అను పద్ధతిలో, "నాకు చేరినప్పుడు ఈ ఉత్తరము పరీక్షలు నెగ్గినది" అని మళ్లించు యంత్రము సాక్ష్యము వ్రాసి ముద్రించును. సాక్షిని నమ్ముటయు మానుటయు అందుకొనువారి ఇష్టము.

కావున పంపువారు తప్పక ముద్ర వేయవలెను. మళ్లించువారు ఉత్తరములో అక్షరమైనను మార్చరాదు. అందుకొనువారు ముఖ్యమైన ఉత్తరములకై పాఠశాల పెట్టెను నేరుగా తెరచి చూచుట మేలు. మనము స్వయముగా మీట నొక్కి మరొకరికి పంపినచో అది మన పేరుతో పోవు క్రొత్త ఉత్తరమే గనుక దానికి ఈ చిక్కు లేదు. దొంగను ఆపుటకు పెట్టిన కావలి, దారి మారి వచ్చిన చుట్టమును గుర్తింపలేకపోవుటయే ఈ సమస్యకు మూలము.