తుపాను రాత్రికి సూర్యుని వెలుగు

దేవాలయాలకు సౌరవిద్యుత్తు ఏర్పాటు చేయించాలని సంకల్పించే దాతలు ఇటీవల మన కోనసీమలో తరచుగా కనిపిస్తున్నారు. గోడమీద మరొక చలువరాతి ఫలకం కంటె ఇది ఎంతో ఉపయుక్తమైన దానం. అయితే వారిలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది: "తుపాను వచ్చి కరెంటు పోయినా మన గుడిలో దీపాలు వెలుగుతాయి కదండీ?" సామాన్యంగా అమర్చే పద్ధతిలో అయితే వెలగవు. సొమ్ము చెల్లించక పూర్వమే ఈ సంగతి తెలియడం మంచిదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను చదివినది వ్యాకరణమూ తర్కమూ గనుక, తెలిసిన ఇంజనీర్లను పదేపదే అడిగి నాకు బోధపడిన మేరకు చెబుతాను.

వనవాసకాలంలో ధౌమ్యుని ఉపదేశంతో ధర్మరాజు సూర్యుని ఉపాసించి అక్షయపాత్రను పొందిన కథ అందరికీ తెలిసినదే. ఆ పాత్రకు ఒక నియమం ఉన్నది. ద్రౌపది భుజించేవరకే అది అన్నం ఇస్తుంది. ఆమె భోజనం ముగిసినదంటే మరునాటివరకు అది రిక్తపాత్ర. దుర్వాసుడు శిష్యసమేతంగా వచ్చినది సరిగ్గా ఆ వేళకే. సోలార్ పలక స్వభావమూ అంతే. ఎండ ఉన్నంతసేపు ఇస్తుంది, తనలో ఏమీ నిలువ ఉంచుకొనదు. మన ప్రాంతానికి దుర్వాసుడు తుపాను రూపంలో వస్తాడు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రిని ఈ తీరంలో నాటివారెవరూ మరువలేరు. కొబ్బరితోటలు నేలకూలాయి. వాటితోపాటు స్తంభాలు, తీగలు పోయాయి. అనేక గ్రామాలకు వారాల తరబడి విద్యుత్తు లేదు. పాకలు ఎగిరిపోయినవారు బడులలోనూ గుడులలోనూ తలదాచుకొన్నారు. అప్పటికింకా చాలాచోట్ల నుయ్యి, చేద వాడుకలో ఉండేవి. నేడు అనేక ఆలయాలలో అభిషేకజలం సైతం మోటారు తోడితేనే వస్తుంది. స్వామివారి అఖండదీపానికి నూనె, వత్తి చాలు, కరెంటుతో పనిలేదు. మండపంలో చేరిన బాలింతలకు, వృద్ధులకు మంచినీరూ వెలుతురూ కావాలి; దూరాన ఉన్న బిడ్డలకు క్షేమం చెప్పడానికి ఫోనులో చార్జింగు కావాలి.

పైకప్పు నిండా పలకలుండగా దీపాలు ఎందుకు వెలగవు? పలక ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. దానిని మన బల్బులకు, ఫ్యానులకు పనికివచ్చేటట్లు మార్చే యంత్రం ఇన్వర్టరు. బ్యాటరీ లేని సామాన్యపద్ధతిలో ఈ ఇన్వర్టరు వీధిలోని విద్యుత్తు లైనుతో కలిసి నడుస్తుంది. మనం వాడుకోగా మిగిలినది లైనులోకి పోతుంది, బిల్లులో జమ అవుతుంది. లైనులో కరెంటు ఆగిన క్షణాననే ఆ ఇన్వర్టరు కూడా తనంతట తాను ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. ఇది లోపమని కొందరు కోపగించుకొంటారు. ఆ నియమమే లేకపోతే, తెగిన తీగలు సరిచేయడానికి స్తంభమెక్కిన లైన్‌మన్ మన పలకల కరెంటు తగిలి ప్రాణం పోగొట్టుకొనవచ్చు.

కనుక తుపానుకు నిలిచే ఏర్పాటు కోరేవారు బ్యాటరీలతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలని స్పష్టంగా చెప్పాలి. లైను పోగానే అది ఆలయాన్ని వీధి తీగలనుండి విడదీసి, మనం ముందుగా ఎంచుకొన్న కొన్ని దీపాలను, ఫ్యానులను మాత్రం నడుపుతుంది.

ఎన్ని బ్యాటరీలు కావాలి? 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు పది, రాత్రి 12 గంటలు వెలిగితే సుమారు ఒక యూనిట్. 75 వాట్ల పాత ఫ్యానులు నాలుగు, 8 గంటలు తిరిగితే 2.4 యూనిట్లు. వెరసి మూడున్నర. ఇళ్లలో వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. కాని సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీచేస్తే త్వరగా పాడవుతుంది గనుక 0.9 మాత్రమే లెక్కించుకోవాలి. అంటే నాలుగు బ్యాటరీలు కావాలి, అవీ బొటాబొటిగానే. అదే ఫ్యానులు మార్చి 30 వాట్లతో తిరిగే బి.ఎల్.డి.సి. రకం పెడితే మొత్తం ఖర్చు రెండు యూనిట్లకు దిగుతుంది. బ్యాటరీలు కొనడానికి ముందు ఫ్యానులు మార్చండని నేను దాతలతో అనేది ఇందుకే.

నీటి మోటారును బ్యాటరీ మీద నడపాలనే ఆశ వద్దు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు 750 వాట్లకు పైగా తీసుకొంటుంది, బయలుదేరేటప్పుడు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. తుపాను హెచ్చరిక వినగానే పైట్యాంకు నింపి ఉంచడం సులభం. ఆ నీరు తానుగా క్రిందికి దిగుతుంది.

ఒక కిలోవాటు పలకలు మంచి ఎండలో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. తుపాను మబ్బులో అందులో నాలుగోవంతు కూడా రాకపోవచ్చు. మూడు నాలుగు రోజుల ముసురుకు చిన్న జనరేటరు, కొంత డీజిలు ఉంచుకొనడం అవసరమే.

పలకలను ఎక్కడ పెట్టాలనే విషయంలో నా అభిప్రాయం నిశ్చితం. విమానం మీద, గోపురం మీద, స్వామివారి ప్రాకారమండపం మీద వద్దు. కల్యాణమండపం, అన్నదానశాల, వాహనశాల కప్పులు చాలు. దక్షిణాభిముఖంగా కొద్ది వాలుతో ఉండాలి. మన దగ్గర అసలు చిక్కు కొబ్బరిమట్ట నీడ. పలకలను వరుసగా కలుపుతారు గనుక ఒకదానిపై నీడ పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. అంతర్వేది వంటి సముద్రతీర క్షేత్రాలలో ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. జింకుపూత పూసిన ఉక్కు చట్రం, స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి. గాలివేగానికి తగిన బిగింపును ఇంజనీరుచేత చూపించుకోండి. ఊడిన పలక గాలిలో కత్తి వంటిది. సీసపు బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వెలువడుతుంది. గాలి ఆడే గదిలో, హోమశాలకు, దీపాలకు దూరంగా ఉంచాలి.

2024లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉన్నమాట నిజమే. అది నివాసగృహాలకు. దేవాలయానికి వర్తిస్తుందనే లెక్కతో విరాళం నిర్ణయించకండి.

పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి. సీసపు బ్యాటరీలు నాలుగైదేళ్లకే మార్చవలసి వస్తాయి. పలకల ప్రారంభోత్సవానికి దాతలు దొరుకుతారు. అయిదో సంవత్సరం బ్యాటరీకి దొరకరు. అందుచేత విరాళం ఇచ్చేనాడే కొంత సొమ్మును బ్యాటరీల నిమిత్తం విడిగా డిపాజిట్ చేయించి, ఆ రసీదుమీద ఆ మాట వ్రాయించుకోండి.