మీకు తెలుసా? తువ్వాలు కడ్డీ ఊతకడ్డీ కాదు

స్నానాలగదిలో వృద్ధులు పట్టుకుని లేచేందుకు గోడకు బిగించే ఊతకడ్డీ, అమెరికా ప్రమాణాల ప్రకారం, సుమారు 113 కిలోల భారాన్ని తట్టుకోవాలి; తువ్వాలు ఆరవేసే కడ్డీని ఆ లెక్కతో తయారు చేయరు.

గోడకూ ఊతకడ్డీకీ మధ్య ఎడం ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు మాత్రమే ఉండాలన్న అదే ప్రమాణాల నిబంధన మరీ పట్టింపుగా తోచవచ్చు గాని, ఎడం ఎక్కువైతే కాలు జారిన మనిషి చేయి మోచేతి దాకా సందులోకి దూరి ఇరుక్కుపోయే ప్రమాదముంది.

పిల్లలు బతుకుతెరువు కోసం హైదరాబాదుకో ముంబయికో వలసపోగా పెద్దలే మిగిలిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పాత ఇళ్లలో కడ్డీ కన్నా ముందు గోడను పరీక్షించాలి. మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలో మరలు పట్టు నిలుపుకోవు కనుక, అటువంటి చోట నేలలో గుంత తీసి, కాంక్రీటు పోసి నిలబెట్టిన ఇనుప గొట్టమే నమ్మదగిన ఊతం. నేల సంగతీ అంతే: పాలిష్ పట్టిన బండ చూపుకు ఎంత అందంగా ఉన్నా సబ్బునీరు పడగానే జారుతుంది, గరుకు బండ అంతగా జారదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6,84,000 మంది మరణిస్తుండగా, వారిలో అత్యధికులు అరవై దాటినవారే.