తిరుపతి ఎస్వీ జూ: జనం వస్తే చాలదు.. ఈ మూడూ కుదరాలి!

శ్రీవారి దర్శనం అయ్యాక పిల్లలున్న చాలా కుటుంబాలు తిరుపతి ఎస్వీ జూ పార్కుకు కూడా వెళ్తుంటాయి. శేషాచలం కొండల కింద 1987లో మొదలైన ఈ జూకు యాత్రికులే పెద్ద బలం. మరి సవాళ్లేంటి?

వాతావరణం: వేసవి సెలవుల్లో రద్దీ ఎక్కువ. ఎండ మండేదీ అప్పుడే. జంతువులకు నీళ్లు, నీడ, స్ప్రింక్లర్ల ఖర్చు పెరుగుతుంది. నవంబర్ వానలకు జనం తగ్గినా మేత, మాంసం ఖర్చు ఆగదు.

సిబ్బంది: 2024 ఫిబ్రవరి 15న సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకిన ఓ వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు. అందుకే కంచెతో పాటు కనిపెట్టుకుని ఉండే మనుషులూ కావాలి.

పెట్టుబడి: టికెట్ డబ్బు సీజన్‌ను బట్టి వస్తుంది. జీతాలు, వైద్యం, మరమ్మతులు మాత్రం ఏడాదంతా తప్పవు. రద్దీ నెలల ఆదాయమే ఖాళీ నెలలను మోయాలి. లేదంటే సిబ్బందిపై కోత పడుతుంది.. అంటే భద్రతపైనే!