పావుగంటలో కారు పరీక్ష - ఖతార్‌లో టెస్ట్ డ్రైవ్

సాఫ్ట్‌వేర్ తయారయ్యాక దాన్ని కొన్నవాళ్ళు స్వయంగా కూర్చుని వాడి చూసుకుని, "సరే" అని సంతకం పెట్టే ఘట్టం ఒకటి ఉంటుంది. మా వృత్తిలో దాన్ని యాక్సెప్టెన్స్ టెస్టింగ్ అంటాం. సంతకం పడ్డాక బయటపడే లోపాల సంగతి వేరే పద్దు. కారు టెస్ట్ డ్రైవ్ కూడా అచ్చం ఇలాంటిదే. కాకపోతే సాఫ్ట్‌వేర్‌కి వారాల తరబడి గడువిస్తారు, కారుకి మహా అయితే పావుగంట.

ఖతార్‌లో ఉండే మనలాంటివాళ్ళకి ఆ పావుగంట చాలా విలువైనది. మనలో ఎక్కువమంది బ్యాంకు అప్పుతోనే కొంటాం. అప్పు తీరేదాకా కారు తాకట్టులోనే ఉంటుంది. మధ్యలో ఉద్యోగం పోయి ఊరికి తిరిగి వెళ్ళాల్సి వస్తే ముందు ఆ లెక్క తేల్చాలి. షోరూము గడప దాటిన కారుకి కొన్న ధర ఎలాగూ రాదు. అంటే పైసా నష్టపోకుండా "వద్దు" అనగలిగే ఆఖరి చోటు టెస్ట్ డ్రైవే.

వెళ్ళేటప్పుడు ఖతార్ లైసెన్సు, ఖతార్ ఐడీ దగ్గరుంచుకోండి. కాపీలు తీసుకుని ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. అందరూ చదవకుండా పెట్టేది ఇక్కడే. అందులో రెండు సంగతులు వెతకండి: కారుకి దెబ్బ తగిలితే మీ జేబులోంచి ఎంత కట్టాలి, రాడార్ జరిమానా పడితే ఎవరిది? కాగితంలో లేకపోతే నోటితో అడగండి. ఇక్కడ ఎర్ర లైటు దాటితే జరిమానా 6000 రియాళ్ళు. 2023 సెప్టెంబరు నుంచి సీటు బెల్టు పెట్టుకోకపోయినా, చేతిలో ఫోనున్నా కెమెరాలే పట్టేస్తున్నాయి.

ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట. రోడ్డుకి కుడివైపు నడపటం రెండు రోజుల్లో అలవాటైపోతుంది. చేతులకే ఆలస్యంగా తెలుస్తుంది. మారుతీ, హ్యుందాయ్ లాంటి మన కార్లలో ఇండికేటర్ పుల్ల స్టీరింగుకి కుడిపక్కన ఉంటుంది, ఇక్కడి కార్లలో ఎడమపక్కన. రౌండెబౌట్ దగ్గర ఇండికేటర్ వేద్దామనుకుంటే వైపర్ ఊగుతుంది. బయల్దేరే ముందు నిలబెట్టిన కారులోనే నాలుగుసార్లు వేసి చూసుకోండి. రౌండెబౌట్‌లో ముందే ఉన్న వాహనాలది మొదటి హక్కు, అవి మీకు ఎడమవైపు నుంచి వస్తాయి.

ఇక అసలు పరీక్ష ఏసీది. షోరూమువాళ్ళు కారుని నీడన ఉంచో, ముందే ఏసీ వేసి చల్లబరిచో అప్పగిస్తారు. మర్యాదే, కానీ దానివల్ల మీకేమీ తెలియదు. ఎండలో నిలబెట్టిన కారు ఇమ్మని అడగండి. ఇక్కడి ఎండ ఎంతటిదంటే, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నియమమే ఉంది. కారు పరీక్షకి మాత్రం సరిగ్గా ఆ వేళే మంచిది.

ఎందుకో చూద్దాం. మామూలు పెట్రోలు కారులో ఏసీ కంప్రెసర్‌ని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. కారు వేగంగా పోతుంటే ఇంజను చురుగ్గా తిరుగుతుంది, ముందునుంచి కొట్టే గాలి కండెన్సర్ వేడిని లాగేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను నెమ్మదిస్తుంది, ఎదురుగాలి ఉండదు, భారమంతా ఫ్యాను మీదే. అందుకే హైవే మీద గడ్డకట్టించే ఏసీ కూడా సిగ్నల్ దగ్గర ఉసూరుమనిపించవచ్చు. పరీక్ష ఏమిటంటే, కాసేపు నడిపాక ఎండలో ఇంజను ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టండి. మీరు వెనక సీట్లోకి మారండి, రోజూ అక్కడ కూర్చునేది పిల్లలే కదా. వెనక గాలి తూములున్నాయా, వాటిలోంచి వచ్చేది చల్లగాలా, ఉత్త గాలా అన్నది మీ చెయ్యే చెబుతుంది. ఈమధ్య రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. ఉచిత ఇన్సూరెన్సు, ఉచిత సర్వీసు అంటూ ఆఫర్లు కుమ్మరించేదీ, జనం ఎగబడి కొనేదీ అప్పుడే. ఆ చల్లటి రోజుల్లో ప్రతి కారు ఏసీ దివ్యంగానే ఉంటుంది! అప్పుడు కొనేవాళ్ళు కనీసం నడి మధ్యాహ్నం వెళ్ళండి.

దారి సంగతి. సేల్స్‌మన్ చూపించే దారి నున్నగా, ఖాళీగా, అన్నీ కుడి మలుపులతో ఉంటుంది. నేను వెళ్ళిన ఒక షోరూములో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కనివ్వనని పట్టుబట్టారు, నేను లేచి వచ్చేశాను. స్పీడ్ బ్రేకర్లున్న వీధి ఒకటి, ఎక్స్‌ప్రెస్‌వే ముక్క ఒకటి తప్పకుండా అడగండి. రాంపు మీదనుంచి పరుగెత్తే బండ్ల మధ్యలోకి చేరేటప్పుడు ఇంజను సత్తా తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. గల్ఫ్ కార్లలో గంటకి 120 కిలోమీటర్లు దాటితే టింగుటింగుమని మోత వస్తుంది. అది లోపం కాదు, ఇక్కడి కార్లకి పెట్టిన హెచ్చరిక.

మీకిచ్చే కారు తరచు "ఫుల్ ఆప్షన్"ది. మీరు బేరమాడేది మిడ్ ఆప్షన్‌దో, అంతకన్నా కిందదో. ముందు బండి దూరాన్ని బట్టి తనే వేగం తగ్గించుకునే క్రూయిజ్ కంట్రోల్, గీత దాటితే స్టీరింగుని వెనక్కి లాగే సాయం, తానే వేసుకునే బ్రేకు - వీటిలో మీ కారులో ఉండేవి ఏవో కాగితం మీద రాయించుకోండి. ఇవి అద్దం వెనక కెమెరా, ముందువైపు రాడార్ కలిసి చేసే పనులు. ఇసుక గాలి వీచి గీతలు కనబడని రోజున కెమెరా చేతులెత్తేస్తుంది. ఏ సాయం ఆగిపోయిందో తెరమీద ఎక్కడ చూపిస్తుందో అడిగి తెలుసుకోండి. తానే వేసుకునే బ్రేకుని మాత్రం రోడ్డు మీద పరీక్షించకండి, ముందున్న కారు కూడా ఎవరిదో అప్పు మీదే కొన్నది.

నా చాదస్తం అనుకోకపోతే ఇంకొకటి. బ్లూటూత్ చూద్దామని చాలామంది ఆ కారుకి తమ ఫోను కలిపేస్తారు. "కాంటాక్టులు చూడనివ్వమంటారా?" అన్న ప్రశ్నకి అవునంటే మీ వాళ్ళ పేర్లు, నంబర్లు, కాల్ చరిత్ర కారు మెమరీలోకి వెళ్తాయి. టెస్ట్ డ్రైవ్ కారులో ఫోన్ల జాబితా తెరిచి చూడండి, మీకంటే ముందు నడిపినవాళ్ళ ఫోన్ల పేర్లు వరసగా కనబడతాయి. ఫోను కలిపి చూడటం అవసరమే, కొనేది దాన్ని కూడా కదా. కాంటాక్టులకి వద్దనండి, దిగే ముందు కారు జాబితాలోంచి మీ ఫోనుని తీసేయండి. మీ ఫోనులోంచి కారుని తీసేసినంత మాత్రాన చాలదు.

పెట్రోలు మూత వెనకో, మాన్యువల్‌లోనో 91 చాలంటుందా, 95 కావాలంటుందా చూడండి. ఇక్కడ ప్రీమియం 91, సూపర్ 95. నాలుగేళ్ళ లెక్కలో ఆ తేడా కనిపిస్తుంది. చంటిపిల్లలుంటే మీ సీటు తీసుకెళ్ళి వెనక బిగించి చూడండి, సేల్స్‌మన్ విసుక్కున్నా సరే. ఆ రోజే బుకింగ్ డబ్బు కట్టమంటే, అది వెనక్కి వస్తుందో రాదో రసీదు మీదే రాసిమ్మనండి.